ఆర్గాన్ టీచరమ్మ కోపం

పోయిన వారం మా చర్చి సెక్రటరీ ఫోన్ చేశాడు. నరసరావుపేటలో నా కంప్యూటర్ షాపులో ఒక ప్రింటర్ విప్పుకుని కూర్చుని ఉన్నాను.

"ఏంది తమ్ముడూ, కనపడటమే మానేశావు" అని మొదలుపెట్టి, రెండు నిమిషాలు అవీ ఇవీ మాట్లాడి అసలు సంగతికి వచ్చాడు. చర్చిలో ఉన్న ఆర్గాన్ సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సు గడువు తీరిపోయిందట. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చి ఆగిపోతోందట. ఇన్నాళ్లూ డబ్బు కట్టిన దాత ఇక కట్టనన్నాడట.

"అప్పుడేదో ఫ్రీది ఉండేదిగా, అది ఎయ్యరాదూ? అది కూడా బానే ఉండేదిగా" అన్నాడు.

అది కూడా బాగానే ఉండేదట! ఫ్రీగా వచ్చేదాన్ని దేవుడి ముందు పెడతారా అని నలుగురిలో అడిగిన నోరే ఈ మాట అంది. ఒక మనిషిని ఆర్గాన్ బెంచీ మీద నుంచి లేపి, ఆమె కడుపులో చిచ్చు పెట్టి, ఆమె పోయిన ఏడాదికి తీరిగ్గా ఫోన్ చేసి అది కూడా బానే ఉండేదిగా అంటున్నాడు.

"నేను ఎయ్యను. ఇంకెవర్నన్నా చూసుకోండి" అని ఫోన్ పెట్టేశాను. ప్రింటర్ స్క్రూలు ఎక్కడ పెట్టానో ఆ సాయంత్రం దాకా దొరకలేదు.

ఆమెకు పేరు ఉంది గానీ మా ఊళ్లో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. ఆర్గాన్ టీచరమ్మ. అంతే. రొంపిచెర్ల వైపు వెళ్లే దారిలో మా ఊరు, ఊళ్లో రేకుల కప్పు చర్చి, చర్చికి మూడో ఇల్లు ఆమెది. మిషన్ స్కూల్లో కుట్టూ సంగీతమూ నేర్పేది. ఏడో తరగతిలో నేను శ్రుతి తప్పి గట్టిగా పాడానని చెక్క స్కేలుతో పిక్కల మీద కొట్టింది. "తప్పు పాడితే పాడావు, అంత గట్టిగా ఎందుకురా, మందిని చెడగొడతానికి కాకపోతే?" అంది. ఆ తర్వాత ఎక్కడైనా తెలియనిది మాట్లాడాల్సి వస్తే నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది.

మనిషి బక్కపలచన. పిక్కలు మాత్రం రాళ్లలా ఉండేవి. ఎప్పుడో మిషనరీ దొరలు వదిలిపెట్టి వెళ్లిన ఆర్గాన్ మా చర్చిలో ఉండేది. రెండు కాళ్లతో తొక్కుతూ ఉంటే కింద తోలుతిత్తి నిండుతుంది, ఆ గాలితో పైన వేళ్లతో నొక్కే మెట్లు పలుకుతాయి. తొక్కడం ఆపితే పాట ఆగిపోతుంది. నలభై ఏళ్ల పాటు ప్రతి ఆదివారం, ప్రతి పెళ్లికీ, ప్రతి చావుకూ ఆమె తొక్కింది. చెప్పులు విప్పి ఆర్గాన్ పక్కన ఒకదాని మీద ఒకటి పెట్టేది. చేతికి మగవాళ్ల వాచీ, డయల్ లోపలి వైపుకి తిప్పి. ఆర్గాన్ మీద, పాటల పుస్తకం పక్కన ఒక స్కూటర్ అద్దం స్క్రూలతో బిగించి ఉండేది.

ఆ అద్దం ఎందుకని చిన్నప్పుడు అడిగాను.

"ఎనక కూర్చున్నోళ్ల భుజాలు కనపడాలిరా."

"భుజాలెందుకమ్మా?"

"ఊపిరి తీసుకునేటప్పుడు భుజం పైకి లేస్తది. అది చూసుకుని ఆగాల. మిరపకాయలు కోసొచ్చిన ముసలమ్మ ఒక్క గుక్కలో చరణమంతా పాడిద్దా? సచ్చిపోదూ?"

ఆమె వాయించడం అంటే అది. వేళ్లు మెట్ల మీద ఉన్నా కళ్లు ఆ అద్దంలో, చాపల మీద ముందు వరసలో కూర్చున్న ముసలివాళ్ల భుజాల మీద ఉండేవి. ఆ భుజాలు లేవకముందు తర్వాతి మాట ఎత్తుకునేది కాదు. బయటి ఊళ్ల నుంచి పెళ్లిళ్లకు వచ్చినవాళ్లు మా చర్చిలో పాట మెల్లగా సాగుతుందని నవ్వేవాళ్లు. ఒకసారి పెళ్లికొడుకు స్నేహితులు పాట మధ్యలో చప్పట్లతో తాళం వేగం పెంచారు. టీచరమ్మ ఠక్కున మూత వేసి లేచి నిలబడింది. "పరుగు పందెమైతే బయట రోడ్డుంది, పోండి" అంది. పెళ్లికూతురు ఏడవబోయి నవ్వేసింది. పాస్టర్ అయ్యగారు తల వంచుకుని బైబిల్లో ఏదో వెతుక్కున్నారు. చప్పట్లు ఆగాక గానీ ఆమె కూర్చోలేదు.

కోపం ఆమెకు జబ్బు కాదు. పనిముట్టు. ఏది సరిగ్గా లేదో చూపించడానికి వాడేది. నాకున్న కోపం అలాంటిది కాదు, అది నాకు తర్వాత తెలిసింది.

మూడేళ్ల కిందట ఒక ఆదివారం రెండో పాటలో తిత్తి చిరిగింది. బర్రుమని ఒక చప్పుడు, తర్వాత బుస్సుమని గాలి. ఆమె కాళ్లు ఇంకా తొక్కుతూనే ఉన్నాయి. అంతకు ముందు నాలుగుసార్లు మాసిక వేయించిన తోలు. లోపల ఎలుకలు కొరికి, చెదలు తిని, ఇక కుట్టడానికి కుట్టు నిలవదని తేలింది. కమిటీ కూర్చుంది. మిర్చి కోల్డ్ స్టోరేజీలో మేనేజరుగా చేసే మా సెక్రటరీ నన్ను పిలిపించాడు.

నాకు తెలిసింది చెప్పాను. విదేశాల్లో పెద్ద చర్చీల్లో గొట్టాల ఆర్గాన్లు ఉంటాయి. ఒక్కొక్క గొట్టం చప్పుడూ విడివిడిగా రికార్డు చేసి కంప్యూటర్‌లో పెడతారు. మన దగ్గర మామూలు కీబోర్డు మెట్టు నొక్కితే ఆ గొట్టం పలుకుతుంది. దాన్ని వర్చువల్ పైప్ ఆర్గాన్ అంటారు. ఫ్రీది ఒకటుంది, డబ్బు కట్టేది ఒకటుంది. రెండూ తెచ్చి చూపిస్తాను, వాయించేది టీచరమ్మ కాబట్టి ఆమె తేలుస్తుంది అన్నాను. అప్పటికి ఆ మాట అనగలిగాను.

శనివారం సాయంత్రం చర్చిలో లాప్‌టాప్, కీబోర్డు, రెండు స్పీకర్లు పెట్టాను. కమిటీ వాళ్లు, పని లేని వాళ్లు, అందరూ చేరారు. ముందు ఫ్రీది తెరిచాను. అందులో ఏదో చిన్న పల్లె చర్చి ఆర్గాన్. టీచరమ్మ ఒక పాట వాయించింది. పొడిగా, శుభ్రంగా వినపడింది. చెయ్యి తీస్తే చప్పుడు ఆగింది.

తర్వాత డబ్బు కట్టేదాని ట్రయల్ తెరిచాను. ఎక్కడిదో మహా చర్చి. ఆమె మొదటి మెట్టు నొక్కగానే రేకులు అదిరాయి. నా ఒళ్లు జలదరించింది, అబద్ధమెందుకు. ఆమె చేతులు తీసేసినా ఆ మోత తగ్గుతూ తగ్గుతూ ఆరు సెకన్ల పాటు సాగింది. "అబ్బ!" అన్నాడు సెక్రటరీ.

టీచరమ్మ తల వంచి ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా విన్నది.

"ఏందిరా ఈ తోక?"

"ఎకో అమ్మా. అక్కడ రాతి గోడలు, రాతి కప్పు. రికార్డు చేసినప్పుడు ఆ మోత కూడా కలిసి వచ్చింది."

ఆమె పైకి చూపించింది. "మరి ఆ రాతి కప్పు యాడుందిరా ఇక్కడ? మన రేకులకి మన మోత ఉంది. దాని మీద ఇంకోళ్ల చర్చి తెచ్చి పెడితే పాటెవుడికి వినపడిద్ది? మొదటి మాట పోకముందే రెండో మాట వచ్చి దాని మీద పడతంది. తగ్గించే మీట ఉందా?"

"లేదమ్మా. వాళ్లు తాళం వేసి ఇస్తారు. లోపల మనం ఏమీ మార్చలేం."

"ఫ్రీదాంట్లో?"

"అన్నీ మార్చుకోవచ్చు. ఒక్కొక్క గొట్టం పొగరు కూడా తగ్గించుకోవచ్చు. కాకపోతే అన్నీ మనమే చూసుకోవాలి. ఏదన్నా ఆగిపోతే ఫోన్ చేసి అడగటానికి ఎవరూ ఉండరు."

"నువ్వు లేవా?"

"ఉన్నానమ్మా."

"మరింకేంది?"

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "అది గాదు టీచరమ్మా. ఊరకే ఇస్తన్నారంటే అందులో ఏదో లోపం ఉండే ఉండిద్ది. లేకపోతే ఎవురిస్తారు? రేపు డబ్బు పెడతానన్న దాత గారు వచ్చి, ఫ్రీగా వచ్చేదాన్ని దేవుడి ముందు పెడతారా అంటే ఏం చెప్పాల?"

"గాలి ఊరకే వస్తందిగా. లోపముందని పీల్చటం మానేశావా? లోపముంటే ఏందో చెప్పు, వింటా."

వచ్చే ఈస్టర్ దాకా ఫ్రీది నడిపి చూద్దాం అని అయ్యగారు మధ్యలో పడి సర్దారు.

ఆ ఎనిమిది నెలలే ఆమెను నేను నిజంగా చూసిన కాలం. గొట్టాల ఆర్గాన్‌కి కింద కాలి మెట్లు కూడా ఉంటాయని, మంద్రపు స్వరాలు కాళ్లతో వాయిస్తారని తెర మీద బొమ్మ చూపించాను. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"గాలి కొట్టటానికా?"

"కాదమ్మా. పాట వాయించటానికి."

మర్నాడు పేటలో నా షాపు ముందు బస్సు దిగింది. తలుపులు చేసే మస్తాన్ భాయ్ దగ్గరికి నన్ను లాక్కెళ్లింది. అతని కొట్టు నేల మీద సుద్దముక్కతో కాలి మెట్ల బొమ్మ గీసింది. స్టూలు వేసుకుని కూర్చుని మడమ ఎక్కడ పడాలో, వేళ్లు ఎక్కడ పడాలో తొక్కి చూపించింది.

"అమ్మా, నేను దర్వాజాలు చేసేవాణ్ని. కాళ్లకి హార్మోనియమేందమ్మా?" అన్నాడు మస్తాన్ భాయ్.

"దర్వాజా తెరవాల, మళ్లీ మూసుకోవాల. ఇదీ అంతే. తొక్కితే దిగాల, తీస్తే లేవాల. కిర్రుమన్నదంటే మాత్రం ఊరుకోను."

వేపచెక్కతో పాతిక మెట్లు చేశాడు. పాత సైకిల్ స్టాండ్ల స్ప్రింగులు వేశాడు. ఒక ఆటబొమ్మ కీబోర్డు పొట్ట విప్పి అందులోని తీగెలు నేను అతికించాను. కొనే సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఇలాంటి నాటు సరుకుకి మేం బాధ్యులం కామని రాసుకున్నారు. ఫ్రీది ఏమీ అనలేదు. మస్తాన్ భాయ్ చెక్కను ఆ విదేశపు పల్లె చర్చి గొట్టాలకు కలిపేసింది.

అరవై మూడేళ్ల మనిషి కాళ్లతో నేర్చుకోవడం మొదలుపెట్టింది. రోజూ మధ్యాహ్నం, రేకులు కాలిపోతుంటే, చెమట కారుతుంటే. మూడో నెలకి ఎడమ కాలు, కుడి కాలు వేరువేరుగా కదలడం వచ్చింది. బస్సులో కూర్చున్నా పాదాలు కదుపుతూనే ఉండేది. "ఏమే, కాళ్లు లాగుతున్నయ్యా?" అని పక్కనున్నామె అడిగితే, "లాగట్లేదు, పాడుతున్నయ్" అందట.

నాతో ఒకసారి అంది: "నలభై ఏళ్లు ఈ కాళ్లతో గాలి కొట్టించానురా. గొడ్డు చాకిరి. ఇయ్యాల్టికి వీటికి గూడా పాటొచ్చింది." అని నవ్వింది. ఆమె నవ్వడం అంతకు ముందు నేను చూడలేదు. పైవరసలో ఒక పన్ను లేదని అప్పుడే తెలిసింది.

తన తప్పులు తనకు వినపడాలని రికార్డు చేయమంది. అది చప్పుడు రికార్డు చేయడం కాదు. ఏ మెట్టు ఎప్పుడు నొక్కారో, ఎంతసేపు నొక్కారో కంప్యూటర్ రాసుకుంటుంది. తర్వాత మనిషి లేకుండా ఆ మెట్లు అలాగే పలికిస్తుంది. ఆమె ఖాళీ చర్చిలో వాయించి, వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చుని వినేది. "ఎడం కాలు ఎనకబడతంది చూడు, దొంగముండ" అని తన కాలును తానే తిట్టుకునేది. అలా నూట పన్నెండు పాటలు వాయించి పెట్టింది.

ఒక మధ్యాహ్నం ఆమె అలా వెనక కూర్చుని వింటున్నప్పుడు సెక్రటరీ లోపలికి వచ్చాడు. ఆర్గాన్ ముందు ఎవరూ లేరు. పాట నడుస్తోంది. అతను నిలబడిపోయాడు.

"ఎవురు వాయిస్తన్నారు?"

"టీచరమ్మే. నిన్న వాయించింది" అన్నాను.

"ఇది రోజూ ఇట్టనే వాయిస్తదా?"

"ఎన్నిసార్లయినా. అచ్చం ఇట్టనే."

ఎంత గొప్పగా చెప్పానో! నా పనితనం చూపించుకోవాలి కదా. ఆ మాట అనేటప్పుడు నా ముఖం ఎలా ఉండి ఉంటుందో తలుచుకుంటే ఇప్పటికీ లేచి వెళ్లి నీళ్లు తాగాల్సి వస్తుంది.

ఈస్టర్ దాటాక కమిటీ నిర్ణయం అయింది. డబ్బు కట్టేదే కొంటున్నారు. దానితో పాటు తళతళలాడే కొత్త ఆర్గాన్ బల్ల. దాని మీద ఇత్తడి పలక, పలక మీద హైదరాబాదులో కాంట్రాక్టులు చేసే దాత పేరు. ఫ్రీదాని మీద పలక ఎక్కడ కొడతారు? ఎవరి పేరు రాస్తారు? అక్కడ తేలిపోయింది విషయం. ఎకో, రాతి గోడలు, రేకులు, అవన్నీ ఉత్త మాటలు.

సెక్రటరీ నా షాపుకి వచ్చి మెల్లగా చెప్పాడు. "ఆమెకి మోకాళ్లు పోయినయ్ తమ్ముడూ. పెద్దతనం. గౌరవంగా సన్మానం చేసి విశ్రాంతి ఇద్దాం. ఆమె వాయించినయ్యే వాడతాంగా. ఆమె గుర్తుగా ఉంటయ్."

మనిషి బతికుంది, వీధి చివర నడుస్తోంది, బస్సులో కాళ్లు కదుపుతోంది. గుర్తేంటి? ఈ మాట అప్పుడు అడగాలి. నేను అడగలేదు. కోల్డ్ స్టోరేజీ కంప్యూటర్లన్నీ నేనే చూస్తాను. అతను నాకంటే పెద్దవాడు. ఎలాగూ ఆమె వాయించిందే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ నూట పన్నెండు ఫైళ్లూ కొత్తదానిలోకి ఎక్కించింది నేను. అడిగితే ఆమె ఒప్పుకోదని తెలుసు కనుక ఆమెను అడగలేదు. మస్తాన్ భాయ్ వేపచెక్క మెట్లు జనరేటర్ గదిలో రంగు డబ్బాల పక్కకి పోయాయి.

మొదటి ఆదివారం ముందు సన్మానం. శాలువా కప్పారు. టీచరమ్మ కప్పించుకుంది. తర్వాత ఆర్గాన్ వైపు నడిచింది. కీబోర్డు మూతకి చిన్న తాళం. పక్కన కంప్యూటర్ దగ్గర నేను. ఆమె తాళం వైపు చూసింది, నా వైపు చూసింది.

"తాళమేందిరా?"

"కూర్చోండి టీచరమ్మా, ఇయ్యాల మీరు కూర్చుని వినాల" అని సెక్రటరీ ఆమె భుజం పట్టుకుని చాప దాకా తీసుకెళ్లాడు.

బటన్ నొక్కాను. పాట మొదలైంది. ఆమె చేతులు, ఆమె కాళ్లు, ఆమె నేర్చుకున్న మంద్రం, అన్నీ ఆ విదేశపు రాతి కప్పు కింద మోగాయి. మొదటి చరణం ఎలాగో సాగింది. కానీ అవి ఖాళీ చర్చిలో వాయించిన పాటలు. అద్దంలో అప్పుడు ఏ భుజాలూ లేవు. ఎవరి కోసమూ ఆగాల్సిన అవసరం లేదని ఆమె ఆగలేదు. యంత్రం కూడా ఆగలేదు. రెండో చరణానికి ముసలివాళ్లు ఒక మాట వెనకబడ్డారు, మూడో చరణానికి సగం పంక్తి. మోత మీద మోత పడి ఏం పాడుతున్నారో ఎవరికీ తెలియలేదు. కొందరు పాడటం మానేసి నోళ్లు కదిపారు.

టీచరమ్మ లేచింది. శాలువా జారి కింద పడింది.

"ఆపరా దాన్ని" అంది నాతో.

నేను సెక్రటరీ వైపు చూశాను. అతను వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. నేను ఆపలేదు.

ఆమె మందికి ఎదురుగా తిరిగి నిలబడి, అరచేత్తో ఆ కొత్త బల్ల మీద దెబ్బ వేయడం మొదలుపెట్టింది. మెల్లగా, బలంగా. ముసలివాళ్లు యంత్రాన్ని వదిలేసి ఆమె చేతి దెబ్బను అందుకుని పాడారు. ఆర్గాన్ తన పాట ముగించుకుని, ఆరు సెకన్లు మోగి, ఊరుకుంది. జనం ఇంకా ఒకటిన్నర చరణం పాడారు. ఆమె చివరి మాట దాకా కొట్టింది. తర్వాత ఇత్తడి పలక మీద నుంచి చెయ్యి తీసి నా దగ్గరికి వచ్చింది.

"ఆ వాయించేది నేనేగా?"

"అవునమ్మా."

"మరి నన్ను కూర్చోమంటానికి మీరెవురు?"

నేను కంప్యూటర్ తీగె సర్దుతూ కూర్చున్నాను.

"నావి నాకియ్యి. తీసెయ్ దాంట్లోంచి."

"సెక్రటరీ గారిని అడగాలమ్మా. అవి చర్చివి..."

ఆమె కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. "ఒరేయ్, నువ్వు ఏడో తరగతిలో గట్టిగా పాడినోడివి. ఇప్పుడేమైందిరా నీ గొంతుకి?" అని వెళ్లిపోయింది. శాలువా చాప మీదే ఉంది. ఎవరో మడతపెట్టి బీరువాలో పెట్టారు.

మళ్లీ ఆమె చర్చిలో అడుగు పెట్టలేదు. రెండు నెలలకి ధైర్యం చేసి ఇంటికి వెళ్లాను. పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి ఇంట్లోనే ఫ్రీది పెడతానమ్మా, మస్తాన్ భాయ్ మెట్లు కూడా తెచ్చి బిగిస్తాను అన్నాను. ఆమె చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"ఇంట్లో ఎవురు పాడతారురా? నాకు నేను వాయించుకుంటానికా నేర్చుకుంది?"

"అది కాదమ్మా, మీ చేతులు..."

"నా చేతులు మీ కాడ ఉన్నయ్‌గా. వాయించుకోండి."

వాకిట్లో నిలబడి వచ్చేశాను. తర్వాత ఆ వీధిలోకి వెళ్లాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్లేవాణ్ని. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ రోజుల్లో నాకు ఆమె మీదే కోపం వచ్చేది. ఇంత పంతమేంటి, ఏదో ఒకటి ఒప్పుకుంటే ఏం పోయింది అని. తప్పు చేసినవాడికి వచ్చే కోపం అలాగే ఉంటుంది, ఎదుటివాళ్ల మీదికి పోతుంది.

ఏడాది గడిచాక వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లోకి దిగింది. గుంటూరు ఆసుపత్రిలో నాలుగు రోజులుంచారు. ఐదో రోజు పెట్టెలో మా చర్చికి వచ్చింది.

ఆ రోజు సెక్రటరీ నిజంగానే ఏడ్చాడు. అది నటన కాదు, నేను చూశాను. కళ్లు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి చెవిలో అన్నాడు: "ఆమెవే పెట్టు తమ్ముడూ. ఆమె పాటతోనే ఆమెను సాగనంపుదాం."

అది మంచి మాటే అనుకుని అన్నాడు. మనిషిని తీసేసి, మనిషి వాయించింది ఉంచుకుని, మనిషి శవం ముందు అదే వాయించి ఏడవాలి! నాకు ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత తల లోపల ఏదో తెగినట్టయింది. కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫోల్డర్ తెరిచాను. నూట పన్నెండు పేర్లు. అన్నీ కలిపి పట్టుకుని తుడిచేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. నా షాపులో ఇంకో కాపీ ఉంది, అది ఆ సాయంత్రం తుడిచాను.

"పెట్టవేంది?" అన్నాడు సెక్రటరీ.

"లేవు. తుడిచేశాను."

"ఏంది తుడిచేసింది?"

"అన్నీ. ఆమె తీసెయ్యమంది. ఏడాది ఆలస్యమైంది."

పెట్టె ముందు అరవలేక అతని ముఖం ఎర్రబడింది. ముందు చాప మీద నుంచి ఒక ముసలమ్మ తనంతట తాను ఎత్తుకుంది. మిగిలినవాళ్లు కలిశారు. ఒకరి కోసం ఒకరు ఆగుతూ, మెల్లగా, ఏ ఆర్గానూ లేకుండా పాడారు. ఆ తర్వాత చర్చివాళ్లు ఎవరినో పిలిపించి రెడీమేడ్ పాటలు పెట్టించుకున్నారని విన్నాను. నేను మళ్లీ ఆ కంప్యూటర్ ముట్టలేదు.

స్మశానం నుంచి నడిచి వస్తున్నప్పుడు, చెప్పక తప్పదు, నాకు గర్వంగానే ఉంది. చివరికి ఒక పని చేశాను అనుకున్నాను. పక్కన టీచరమ్మ పొరుగింటామె నడుస్తోంది. కూలికి పోయే మనిషి, టీచరమ్మకు అక్క వరస పెట్టి పిలిచేది. తానే మొదలుపెట్టింది.

"మంచి పని చేశావయ్యా ఇయ్యాల, ఆ పాట పెట్టకుండా. అక్కకి అది గిట్టేది కాదు."

"తెలుసమ్మా."

"నీకేం తెలుసు? ఆదివారం పదిన్నరకి మైకులో అది మొదలైందంటే, ఇంట్లో మిక్సీ ఏసేది. అది అయిపోయేదాకా మిక్సీ మోగుతానే ఉండేది. పచ్చడేమన్నా నూరతందేమో, నాక్కాస్త పెట్టిద్దేమోనని ఓసారి గిన్నె తీసుకుని పోయా. మిక్సీలో ఏం లేదయ్యా. వట్టిది తిరగతంది. అక్క దాని మీద రెండు చేతులూ పెట్టి నిలబడుంది. ఏందక్కా ఇది అంటే, 'పాటయిపోయిందా?' అనడిగింది. ఒక మోటారు కాలిపోయింది గూడా. ఇంకోటి కొనుక్కొచ్చింది."

ఆమె ఇంకా ఏదో చెబుతూనే ఉంది. నేను వినలేదు. సంవత్సరంలో ఎన్ని ఆదివారాలో లెక్క వేస్తున్నాను. ఊరంతా వినపడాలని సెక్రటరీ అడిగితే, చర్చి మీదున్న మైకుకి ఆర్గాన్ తీగె కలిపింది నేనే.